భూమిని తూచిన కొండ

స్కాట్లండు నడిబొడ్డున, పెర్త్‌షైర్ సీమలో, లాక్ రానక్ అనే పొడవాటి సరస్సు ఉన్నది. దాని పడమటి ఒడ్డున నిలిచి తూర్పుకు చూచేవారికి, నీటికి ఆవల ఒక కొండ ఒంటరిగా, పొందికగా, కళ్ళంలో తూర్పారబట్టి పోసిన ధాన్యపు రాశి వలె అగుపిస్తుంది. దాని పేరు షిహాలియన్. ఎత్తు 1,083 మీటర్లు. కొండల లెక్కలో ఇది గొప్ప ఎత్తు కాదు. అయినా ఈ భూగోళం ఎంత బరువైనదో మనిషి తొలిసారిగా లెక్క కట్టగలిగినది ఈ కొండను ఆసరా చేసుకొనే.

పేరు గేలిక్ భాషది. 'కలెడోనియన్ల షీ కొండ' అని దానికి అర్థం చెబుతారు. 'షీ' అనే ఆ మొదటి మాటను తెలుగు చేయడం సులభం కాదు. అది దేవత కాదు, దయ్యమూ కాదు. కొండల కడుపులలో కాపురముండి, అప్పుడప్పుడు మనుషుల జోలికి వచ్చిపోయే ఒక జాతి అని ఆ దేశపు పల్లీయుల నమ్మిక. యక్షులు అంటే కొంత దగ్గరకు వస్తుంది గాని, వీరికి కుబేరుని వంటి ప్రభువూ లేడు, అలకాపురీ లేదు.

ఏటా వేలాది మంది ఈ కొండ ఎక్కుతారు. స్కాట్లండులో 3,000 అడుగులు దాటిన శిఖరాల జాబితాను సర్ హ్యూ మన్రో అనే ఆయన 1891లో ప్రకటించాడు. నేటి లెక్క ప్రకారం అవి 282. వాటినన్నిటినీ ఒక్కొక్కటిగా ఎక్కి జాబితాలో గుర్తు పెట్టుకోవడం అక్కడ చాలామందికి జీవితకాలపు వ్రతం. (రాయలసీమ వారు మండ్రోలయ్య అని తలచుకొనే కలెక్టరు థామస్ మన్రో కూడా స్కాట్లండు వాడే గాని, ఈ మన్రో వేరు.) షిహాలియన్ ఆ జాబితాలో సులువైన వాటిలో ఒకటిగా పేరు పొందింది. అలా నమ్మి చెప్పులతో బయలుదేరిన వారికి ఆ పేరు ఎంతవరకు సార్థకమో చివరి రెండు కిలోమీటర్లలో తెలిసివస్తుంది.

బాట కొండకు తూర్పున, బ్రేస్ ఆఫ్ ఫాస్ అనే చోట మొదలవుతుంది. రానూపోనూ పది కిలోమీటర్లు. ఎక్కవలసిన నిలువు 750 మీటర్ల పైచిలుకు. ఆరోగ్యవంతుడికి నాలుగు నుండి ఆరు గంటల పని. సరస్సు ఒడ్డున చూచిన ధాన్యపు రాశిని మనసులో పెట్టుకొని వచ్చినవాడికి ఇక్కడ మొదటి ఆశ్చర్యం ఎదురవుతుంది. రాశి మాయమైంది. సరస్సు చూపినది కొండ కొసను మాత్రమే. ప్రక్కకు వచ్చి చూస్తే అది తూర్పు నుండి పడమరకు చాచి పడుకొన్న పొడవాటి వెన్ను. ఉత్తరపు ప్రక్కా, దక్షిణపు ప్రక్కా ఏటవాలుగా దిగిపోతాయి. చుట్టుప్రక్కల దీనికి తోబుట్టువుల వంటి కొండలు లేవు. ఈ మూడు సంగతులనూ గుర్తుంచుకోవాలి. కథ అంతా వాటి మీదనే నడుస్తుంది.

మొదటి గంట నడక హాయిగా సాగుతుంది. గొర్రెలు మేసే పచ్చిక, ఆపైన మోకాలెత్తున హెదర్ పొదలు. ఆగస్టులో అవి ఊదారంగు పూలు పూచి కొండ నడుముకు దుప్పటి కప్పినట్లుంటాయి. దారి ప్రక్కన, చరిత్రకు అందని కాలపు మనుషులు చిన్న చిన్న గుంటలు చెక్కిన బండ ఒకటి ఉన్నది. బాట రాళ్ళు పరచి శ్రద్ధగా కట్టినది. ఆ శ్రద్ధకు కారణమున్నది. ఈ వాలులో నేల చాలావరకు పీట్, అంటే వేల ఏళ్ళుగా చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్ళక పొరలు పొరలుగా పేరుకొన్న నల్లని చిత్తడి నేల. దాని మీద ఒక్కడు నడిస్తే అడుగు పడుతుంది, వేయిమంది నడిస్తే కాలువ పడుతుంది. బురద తప్పించుకోబోయి ప్రతివాడూ అంచున నడుస్తాడు. అంచు విరిగి బాట మరికొంత వెడల్పవుతుంది. అలా పాత బాట కొన్ని మైళ్ళ దూరానికి కూడా కనబడే గాయమై, కొండ తూర్పు భుజాన్ని చీల్చివేసింది. 1999లో ఈ తూర్పు భాగాన్ని జాన్ మ్యూర్ ట్రస్టు కొనుగోలు చేసింది. అమెరికాలో అరణ్య సంరక్షణకు ఆద్యుడని పేరు పొందిన మ్యూర్ 1838లో స్కాట్లండులోని డన్‌బార్‌లో పుట్టినవాడే. ట్రస్టువారు పాత బాటను మూసి, పీట్ తక్కువగా ఉన్న చోట్ల వెదికి కొత్త బాట వేశారు. కొండను ప్రేమించి వచ్చే పాదాలే కొండను అరగదీస్తాయన్నది అక్కడివారు బాధతో నేర్చుకొన్న పాఠం. 2003 నాటి భూసంస్కరణల చట్టం స్కాట్లండు కొండలలో బాధ్యతతో సంచరించే హక్కును అందరికీ ఇచ్చింది. కాబట్టి రావద్దని చెప్పే వీలు లేదు. దారి సరిచేయడమొక్కటే మార్గం.

బాట మొదలయ్యే చోటున రాళ్ళతో పేర్చిన ఒక చిన్న స్మారకం ఉన్నది. దానిపై ఫలకంలో ఉన్న పేరు నెవిల్ మాస్కెలిన్. చాలామంది బూట్ల తాళ్ళు బిగించుకొంటూ దానిని ఒకసారి చూచి నడక సాగిస్తారు. నిలబడి చదివినవారికి మాత్రం ఈ కొండ నడక మరొక రుచి ఇస్తుంది.

మాస్కెలిన్ గ్రీనిచ్ వేధశాలకు అధిపతి, ఇంగ్లండు రాజుగారి ఖగోళ శాస్త్రజ్ఞుడు. ప్రతి వస్తువూ ప్రతి వస్తువునూ ఆకర్షిస్తుందని న్యూటన్ చెప్పి అప్పటికి ఎనభై ఏళ్ళు దాటింది. సూర్యుడు గ్రహాలను లాగుతున్నాడని అందరూ ఒప్పుకొన్నారు. కాని ఒక కొండ, ఒక రాళ్ళగుట్ట, తన ప్రక్కనున్న వస్తువును లాగుతుందా? లాగితే కొలవగలమా? గోడ నిటారుగా ఉన్నదో లేదో చూడడానికి తాపీమేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు. ఆ గుండు నేరుగా భూమి నడిమికి చూపుతుందని మన నమ్మకం. ప్రక్కన పెద్ద కొండ ఉంటే ఆ గుండు కొండ వైపుకు వెంట్రుకవాసి ఒరగాలి. ఆ ఒరుగు తెలిస్తే భూమి లాగుడుకూ కొండ లాగుడుకూ నిష్పత్తి తెలుస్తుంది. కొండ బరువును రాతిని బట్టి లెక్క కట్టవచ్చు గనుక, దానినుండి భూమి బరువు వస్తుంది. ఆ రోజులలో ఇది పండితుల కాలక్షేపం కాదు. భూమి లోపల డొల్ల అని హేలీ అంతటివాడు 1692లో ఊహ చేశాడు. డొల్లో కాదో తేల్చినవారు లేరు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూగే 1738లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం వద్ద ప్రయత్నించి, మంచులో, గాలిలో నానా యాతన పడి, నమ్మదగిన ఫలితం తేలేక వెనుదిరిగాడు.

తగిన కొండ కావాలి. అది ఒంటరిగా ఉండాలి, లేకపోతే ఇరుగు పొరుగు కొండల లాగుడు లెక్కను చెడగొడుతుంది. ఆకారం పొందికగా ఉండాలి, లేకపోతే బరువు కట్టలేము. తూర్పు పడమరలుగా సాగి, ఉత్తర దక్షిణాలలో ఏటవాలుగా ఉండాలి, అప్పుడే గుండుదారాన్ని రెండు వైపులా కొండ గుండెకు దగ్గరగా వేలాడదీయవచ్చు. 1773లో చార్లెస్ మేసన్ అనే కొలతల నిపుణుడు (అమెరికాలో మేసన్-డిక్సన్ రేఖ గీసినది ఈయనే) బ్రిటన్ ఉత్తర సీమలన్నీ తిరిగి, షిహాలియన్‌ను ఎంచి చూపాడు. ఆ చలిలో వెళ్ళి నక్షత్రాలు లెక్కించే పని మాత్రం తనకొద్దన్నాడు. 1769లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని పరిశీలించడానికి రాజుగారిచ్చిన సొమ్ములో కొంత మిగిలి ఉంటే, ఆ మిగులుతో మాస్కెలిన్ స్వయంగా బయలుదేరాడు.

1774 వేసవిలో ఆయన దక్షిణపు వాలున, కొండకు సగం ఎత్తున మకాం పెట్టాడు. పది అడుగుల పొడవున్న దుర్భిణీ యంత్రాన్ని అక్కడికి మోయించాడు. అది నడినెత్తిన దాటే నక్షత్రాలను చూచే యంత్రం. వాటి స్థానాన్ని గుండుదారంతో పోల్చి కొలవాలి. మబ్బు తొలగాలి, గాలి ఆగాలి, నక్షత్రం నడినెత్తిని దాటే ఆ కొద్ది క్షణాలలో ఆకాశం తేటగా ఉండాలి. స్కాట్లండు వేసవిలో ఈ మూడూ కలిసి వచ్చే రాత్రులు ఎన్ని ఉంటాయో అక్కడ ఒక వారం గడిపిన వారెవరైనా చెప్పగలరు. వారాల తరబడి మబ్బులో కూర్చొని, దొరికిన రాత్రులను దొరకబుచ్చుకొని, దక్షిణపు పని ముగించి, తరువాత యంత్రమంతా విప్పి మనుషుల భుజాల మీద కొండ చుట్టూ త్రిప్పి ఉత్తరపు వాలుకు చేర్చారు. అక్కడ మళ్ళీ మొదటి నుండి. మొత్తం నాలుగు నెలలు. గ్రీనిచ్‌లో వెచ్చని గదిలో కూర్చోగల నలభై ఏళ్ళు దాటిన పెద్దమనిషి ఈ రాళ్ళ మధ్య గడిపిన నాలుగు నెలలవి.

ఆ రాళ్ళ మాటకే వద్దాము. సుమారు సగం ఎత్తు దాటిన తరువాత కట్టిన బాట అంతమవుతుంది. హెదర్ సన్నగిల్లి, నేల తెల్లబారి, వెన్ను మీదికి చేరేసరికి కాలి క్రింద మట్టి అన్నది ఉండదు. అంతా క్వార్ట్‌జైట్ అనే గట్టి తెల్లరాయి. మంచుకాలపు గడ్డకట్టుడుకు పగిలి, మంచమంతటివీ, పీటంతటివీ, గుమ్మడికాయంతటివీ బండలై, ఎవరో ఒక కోటను కూల్చి వదలిపోయినట్లు పరచుకొని ఉన్నాయి. బాట గుర్తులు అక్కడక్కడ రాళ్ళ గుట్టలు మాత్రమే. ప్రతి అడుగుకూ రాయిని పరీక్షించాలి. కొన్ని కదులుతాయి. తడిస్తే అన్నీ జారుతాయి. ఎదురుగా కనబడే మెరక శిఖరమని ఊపిరి బిగబట్టి ఎక్కినవాడికి, ఆవల మరొక మెరక. దానికావల ఇంకొకటి. ఈ మోసం నాలుగైదు సార్లు జరుగుతుంది. అప్పుడప్పుడు టార్మిగన్ అనే కౌజును పోలిన పక్షి రాతిలో రాయిగా ఉండి, కాలి దగ్గర నుండి గొంతు కీచుమనిపిస్తూ లేస్తుంది.

ఇక్కడ పొగమంచు కమ్మితే పరిస్థితి మారిపోతుంది. పది గజాల ఆవల ఏమున్నదో తెలియదు. వెన్ను వెడల్పుగా ఉండడంతో ఎటు నడిచినా ఒకే రాళ్ళు. కుడికి జరిగితే ఉత్తరపు వాలు, ఎడమకు జరిగితే దక్షిణపు వాలు. రెండూ దించేవే గాని ఇంటికి చేర్చేవి కావు. దిక్సూచి, పటం తెచ్చుకొని వాటిని వాడడం తెలిసినవాడు నడుస్తాడు. తెలియనివాడు వెనుదిరగడమే వివేకం, అందులో చిన్నతనమేమీ లేదు. చలికాలంలో ఈ రాళ్ళ సందులు మంచుతో పూడి, పైన గాజుపొర కట్టినప్పుడు, మంచుగొడ్డలీ, బూట్లకు ఇనుప మేకులూ లేనివారు ఇటు రానేకూడదు.

ఆ పటాన్ని మరొకసారి చూడాలి. దాని మీద కొండ ఎత్తును తెలిపే సన్నని వంకర గీతలున్నాయి. గీతలు దగ్గరగా ఉంటే ఏటవాలు, దూరంగా ఉంటే వాలు తక్కువ. సమాన ఎత్తున ఉన్న బిందువులను కలిపే ఈ ఉపాయాన్ని నేల మీది కొండకు తొలిసారిగా వాడినవారిలో ఒకడైన చార్లెస్ హట్టన్, దానిని వాడినది ఈ కొండకే. న్యూకాసిల్ బొగ్గు గనుల కుటుంబంలో పుట్టి, గణితంతో పైకి వచ్చి, వూలిచ్ సైనిక పాఠశాలలో ఆచార్యుడైన మనిషి ఆయన. కొండను నలువైపులా కొలిచి తెచ్చిన ఎత్తుల అంకెలు కాగితం మీద చీమల బారులై ఎదుట పడ్డాయి. వాటినుండి కొండ ఘనపరిమాణం తేల్చాలి. ఒకే ఎత్తు గల చోట్లను ఒక సన్నని గీతతో కలిపి చూచేసరికి అంకెల గందరగోళంలో నుండి కొండ ఆకారం లేచి నిలబడింది. పొగమంచులో ఆ గీతలను నమ్ముకొని నడిచేవాడు ఆ గీతలు పుట్టిన రాళ్ళ మీదనే నడుస్తున్నాడు. ఈ సంగతి ఎరిగి నడిచేవారు తక్కువ.

ఆ అంకెలను తెచ్చినదెవరు? మాస్కెలిన్ సహాయకుడైన రూబెన్ బరో, స్థానిక కొలతగాడు విలియం మెంజీస్, వారి వెంట గొలుసులూ కర్రలూ మోసిన పేరు తెలియని కూలీలు. నక్షత్రాల పని 1774లో ముగిసినా, కొలతల పని 1776 వరకు సాగింది. బరోకు మాస్కెలిన్‌తో పొసగలేదు. శ్రమ తనది, కీర్తి మరొకరిది అని వాపోయాడు. రాయల్ సొసైటీ 1775లో కోప్లీ పతకాన్ని మాస్కెలిన్‌కు ఇచ్చింది. బరో 1780లలో కలకత్తా వచ్చాడు. కంపెనీవారి ఇంజనీర్లకు గణితం చెబుతూ, భారతీయ గణితం మీద మోజు పడ్డాడు. హిందువులకు బైనోమియల్ సిద్ధాంతం తెలుసునని వాదిస్తూ 1790లో ఆసియాటిక్ సొసైటీ సంచికలో వ్యాసం వ్రాశాడు. షిహాలియన్ మీద నేర్చిన విద్యతోనే బంగాళంలో డిగ్రీ పొడవు కొలిచాడు. 1764 నాటి యుద్ధంతో మన చరిత్ర పుస్తకాలకెక్కిన బక్సరులో 1792లో కన్నుమూశాడు. స్మారక ఫలకం మీద ఇతని పేరు కోసం వెదకాలనిపించడం సహజం.

ఫలితం చెప్పాలి. నక్షత్రాలను బట్టి చూస్తే రెండు మకాముల గుండుదారాల నడుమ కోణం 54.6 సెకన్లు. నేల మీద కొలిచిన దూరాన్ని బట్టి ఉండవలసినది 42.94 సెకన్లు. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక భాగం సెకను. తేడా 11.6. ఇది ఎంత అంటే, కిలోమీటరు దూరాన ఉన్న అయిదున్నర సెంటీమీటర్ల వస్తువు కంటికి చేసే కోణమంత. రెండు ప్రక్కలా కలిపి కొండ ఆ గుండులను తన వైపుకు లాగిన లాగుడు అంతే. అంతే అయినా లాగింది. 1778లో హట్టన్ లెక్క ముగించి, భూమి సగటు సాంద్రత ఈ కొండ సాంద్రతకు తొమ్మిదికి అయిదు నిష్పత్తిలో ఉన్నదన్నాడు. రాతిని నీటికి రెండున్నర రెట్లని తీసుకొంటే భూమి నీటికి నాలుగున్నర రెట్లు. నేటి లెక్క అయిదున్నర. మబ్బులో కూర్చొని చేసిన పనికి ఈ తేడా పెద్దది కాదు. భూమి డొల్ల కాదు, పైని రాతికంటె లోపల బరువైన పదార్థమేదో ఉన్నదని ఆ అంకె చాటింది. ఇరవై ఏళ్ళ తరువాత కావెండిష్ తన గదిలో సీసపు గుండులతో ఇంకా మెరుగైన జవాబు తెచ్చాడు. అది వేరే కథ.

షిహాలియన్ గుండు మన దేశంలోనూ ఊగింది. మద్రాసులో మొదలై గుత్తి, బీదరు ప్రాంతాల మీదుగా ఉత్తరానికి సాగిన మహా త్రికోణమితి సర్వేలో, మధ్య భారతంలోని కల్యాణ్‌పూరుకూ, గంగా మైదానంలోని కలియానాకూ నడుమ నక్షత్రాల లెక్కా నేల లెక్కా అయిదు సెకన్లకు పైగా తేడా వచ్చాయి. హిమాలయాల లాగుడే కారణమని తోచింది. కలకత్తాలో క్రైస్తవ మతాచార్యుడైన ప్రాట్ 1855 ప్రాంతాన లెక్క వేసి చూస్తే, అంత పెద్ద పర్వతాలు దాదాపు పదహారు సెకన్లు లాగవలసి ఉన్నది. అవి మూడో వంతే లాగాయి. చిన్న షిహాలియన్ కొలవదగినంత లాగితే, హిమాలయాలు లాగవలసినంత లాగలేదు! ఆ వింత నుండే, పెద్ద పర్వతాల క్రింద లోతున తేలికైన రాతి వేళ్ళుంటాయనీ, అవి ఓడ నీటిలో తేలినట్లు తేలుతున్నాయనీ భూగర్భ శాస్త్రం నేర్చుకొన్నది.

చివరి మెరక నిజంగా చివరిదే అయినప్పుడు నడిచేవాడికి ముందు నమ్మకం కుదరదు. శిఖరం మీద నిలబడేందుకు చదునైన చోటు కూడా అంతగా లేదు, రాళ్ళమీద రాళ్ళే. మబ్బు లేని రోజున పడమట లాక్ రానక్, ఆవల నీళ్ళు మెరిసే రానక్ మైదానం, దానికావల గ్లెన్ కో కొండలు. దక్షిణాన బెన్ లాయర్స్ బారు. కుడిచేతి వైపు ఉత్తరపు వాలు, ఎడమచేతి వైపు దక్షిణపు వాలు. రెండు చేతులూ చాచి నిలబడితే రెండు వేధశాలలూ ఎక్కడ ఉండేవో సుమారుగా చూపవచ్చు. వాటి నడుమ ఉత్తర దక్షిణ దూరం 1,300 మీటర్లకు కొంచెం ఎక్కువ.

దిగేటప్పుడు మోకాళ్ళు తమ ఉనికిని తెలుపుతాయి. ఆ రాళ్ళు ఎక్కేటప్పటికంటె దిగేటప్పుడే ఎక్కువ మందిని పడవేస్తాయని అక్కడివారు చెబుతారు.

క్రింద, కిన్లాక్ రానక్ ఊరి చుట్టుప్రక్కల నేటికీ చెప్పుకొనే ఒక కథ ఉన్నది. పని ముగిసిన రాత్రి కొండ మీద విందు జరిగింది. ఆ నాలుగు నెలలూ మాస్కెలిన్ మకాములో పని చేసిన కుర్రవాడొకడు ఫిడేలు బాగా వాయించేవాడు. విందు జోరులో గుడిసెకు నిప్పంటుకొని ఫిడేలు కూడా కాలిపోయింది. లండను వెళ్ళగానే కొత్తది పంపుతానని మాస్కెలిన్ మాట ఇచ్చాడు. మాట నిలబెట్టుకొన్నాడు. పసుపు వన్నెలో మెరుస్తూ వచ్చిన ఆ ఫిడేలును చూచి కుర్రవాడు గేలిక్‌లో ఒక పాట కట్టాడు. అందులో దానిని 'లండను నుండి వచ్చిన పచ్చని దొరసాని' అని పిలిచాడు.